పదేళ్లకే వెళ్లిపోయిన బిడ్డను ఫిజాక్ ఊరు ఎందుకింతగా తలచుకుంటుంది?

ప్రశ్న: కావలి నుంచి, విశ్రాంత తెలుగు పండితుడు

మిత్రులకు నమస్కారం. మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ వేసవిలో వాడి దగ్గరికి వెళ్లినప్పుడు ఫిజాక్ అనే చిన్న పట్టణంలో రెండు రోజులు ఉన్నాము. సెలే అనే ఏటి ఒడ్డున, చుట్టూ పల్లెల మధ్య ఉన్న ఆ ఊరి జనాభా దాదాపు 10 వేలు. మన కావలిలో ఒక మూలకు సరిపోతుంది. అయినా వీధుల నిండా వందల ఏళ్ల నాటి రాతి మేడలు, వాటి పైకప్పు కింద గోడలు లేకుండా స్తంభాల మీద నిలిచిన అంతస్తులు కనిపించాయి. ఎక్కడ చూసినా షాంపోలియన్ పేరే వినిపించింది. ఈజిప్టు చిత్రలిపిని చదివిన ఆ పండితుడు 1790 డిసెంబరు 23న అక్కడ పుట్టి, పదేళ్ల వయసులో, 1801లో, గ్రెనోబుల్‌కు వెళ్లిపోయాడు. ఆ మాత్రం బాల్యాన్ని పట్టుకుని ఊరంతా అతన్ని సొంతం చేసుకోవడం నాకు కొంత అతిశయంగా తోచింది. అతన్ని పక్కన పెడితే ఆ ఊరికి తనదంటూ ఉన్న చరిత్ర ఏమిటి? ఆ గోడలు లేని అంతస్తులు దేనికి?

జవాబు: ఒంగోలు నుంచి, చరిత్ర అధ్యాపకురాలు

మాస్టారూ, ఆ ఊరు షాంపోలియన్ కంటే ఎంతో పెద్దది. 9వ శతాబ్దంలో వెలసిన బెనెడిక్టైన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం చుట్టూ అది పెరిగింది. స్పెయిన్‌లోని సాంటియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి కాలినడకన పోయే యాత్రికుల దారి కూడా ఊరి మీదుగానే సాగడంతో, మన సత్రాల చుట్టూ అంగళ్లు పుట్టినట్టే అక్కడా వర్తకం పెరిగింది. డబ్బు చేతికొచ్చిన వర్తకులకు మఠాధిపతుల పెత్తనం రుచించలేదు. చివరికి 1302లో ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ ఊరిని తన ఏలుబడిలోకి తీసుకున్నాడు.

మీరు చూసిన మేడల్లో అనేకం ఆ వర్తకులవే. కింద కమానుల వెనుక అంగడి, దాని మీద కాపురం, అన్నిటికన్నా పైన మీరు అడిగిన అంతస్తు. దాన్ని సొలేయో అంటారు. అక్కడి ఆక్సిటన్ భాషలో సూర్యుడి పేరు నుంచి వచ్చిన మాట అది. తోళ్లు, బట్టలు, ధాన్యం అందులో ఆరబెట్టేవారు. మనమైతే మిద్దె మీద మిరపకాయలు పరుచుకుంటాము. ఎప్పుడు వాన పడుతుందో తెలియని చోట వాళ్లు పైకప్పు ఉంచుకుని, గాలి ఆడేందుకు పక్క గోడలు మానేశారు. ఊరి బయట గుట్టల మీద ఎనిమిది పలకల రాతి స్తంభాలు కూడా రెండు మిగిలాయి. వాటిని తలచుకుంటే నాకు మన పొలిమేర రాళ్లే గుర్తొస్తాయి.

జవాబు: చీమకుర్తి నుంచి, గ్రానైట్ పనివాడు

అయ్యా, అతిశయమన్న మాటను నేను ఒప్పుకోలేను. షాంపోలియన్ పుట్టిన ఇంటి దగ్గరి ప్రాంగణంలో నేలంతా పరిచిన నల్ల గ్రానైట్‌ను మీరు చూసే ఉంటారు. అది రోసెట్టా శిలకు ఎన్నో రెట్లు పెద్ద నకలు. అమెరికా కళాకారుడు జోసెఫ్ కొసూత్ దాన్ని 1991లో చేశాడు. 1799లో దొరికిన అసలు శిల లండన్‌లో అద్దాల వెనుక ఉంది. ఒకే శాసనాన్ని చిత్రలిపిలో, ఈజిప్టువారి వాడుక లిపి అయిన డెమోటిక్‌లో, గ్రీకులో చెక్కిన ఆ రాయి ముఖ్య ఆధారంగా షాంపోలియన్ 1822లో చిత్రలిపిని చదివే మార్గం కనిపెట్టాడు. ఫిజాక్‌లో మాత్రం జనం ఆ అక్షరాల మీద నడుస్తారు. రాతిని అందరి కాళ్ల కిందికి తెచ్చిన ఊరిది గొప్పలు చెప్పుకునే బుద్ధి అని నేను అనుకోను. పక్కనున్న ప్రదర్శనశాల సైతం ఒక్క ఈజిప్టుకు పరిమితం కాకుండా ప్రపంచంలోని లిపుల చరిత్రనంతా చూపిస్తుంది.

ఇంకొక మాట. అతన్ని చదివించిన అన్న జాక్ జోసెఫ్, ఊరు వదిలాక తన పేరును షాంపోలియన్-ఫిజాక్ అని రాసుకున్నాడు. అద్దంకి, కందుకూరి అని ఇంటిపేర్లు ఉన్న మనకు దాని అర్థం వేరే చెప్పాలా?

జవాబు: ఉదయగిరి నుంచి

పాత రాళ్ల దగ్గరే ఆగిపోతే ఆ ఊరి స్వభావం సగమే తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి రాటియే కర్మాగారం చేత జర్మన్లు తమ విమానాలకు ప్రొపెల్లర్లు చేయించుకునేవారు. 1944 జనవరిలో, జర్మన్ల ఆక్రమణను ఎదిరించే ఫ్రెంచి ప్రతిఘటన దళం వాళ్లు లోపలికి వెళ్లి యంత్రాలను పేల్చివేశారు. అదే ఏడాది మే 12న నాజీల ఎస్‌.ఎస్‌. సైనికులు ఊరిని చుట్టుముట్టి, వందలాది మగవాళ్లను పట్టుకుని నిర్బంధ శిబిరాలకు పంపారు. వారిలో చాలామంది తిరిగి రాలేదు. ఆ కర్మాగారం నేటికీ ప్రొపెల్లర్లు చేస్తోంది. చుట్టుపక్కల పల్లెలకు అదే పెద్ద బతుకుతెరువు.

ప్రశ్న వేసినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. అతిశయమన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కర్మాగారం పక్కనుంచి కారులో వెళ్తూ, మా అబ్బాయి చూపిస్తున్నా తల తిప్పి చూడలేదు. నా కళ్లు పాత మేడల కోసం వెతుకుతున్నాయి. మళ్లీ వెళ్లినప్పుడు ముందుగా అక్కడే ఆగుతాను.