బర్బన్ పీపాల్లో ఊరిన స్టౌట్ ఎంత చల్లగా పోయాలి?

షికాగోలో ఉంటున్నాను. థాంక్స్‌గివింగ్ మర్నాడు విడుదలయ్యే గూస్ ఐలండ్ బ్రూవరీ వాళ్ల బర్బన్ కౌంటీ స్టౌట్ (బర్బన్ అనే అమెరికన్ విస్కీ పీపాల్లో ఊరబెట్టిన నల్లటి, చిక్కటి బీరు) ఈసారి రెండు సీసాలు దొరికాయి. ఒక్కోటి అర లీటరు, ఆల్కహాల్ 14 శాతం దరిదాపుల్లో. హైదరాబాద్ నుంచి మా బావగారు వస్తున్నారు. విస్కీ తప్ప ముట్టరు, బీరంటే ముఖం చిట్లిస్తారు. అందుకే ఆయనకే పోయాలని నా పట్టుదల!

నిరుడు స్నేహితుడింట్లో ఇలాంటిదే ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగాం. మాడిన బార్లీ చేదు, ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. గ్లాసు అడుగున మిగిలింది కాస్త వెచ్చబడ్డాకే వనిల్లా, కొబ్బరి, బెల్లం పాకం లాంటి వాసనలు బయటపడ్డాయి. వనిల్లా, కొబ్బరి ఆ పీపాల కాల్చిన ఓక్ చెక్క చలవే అనుకుంటా.

తాగినవాళ్లు చెప్పండి: 12 డిగ్రీల దగ్గర మొదలెట్టాలంటే ఫ్రిజ్‌లోంచి ఎంత ముందు తీయాలి? తులిప్ పువ్వు ఆకారపు గ్లాసుల్లేవు, వైన్ గ్లాసులు చాలా? నంజుకోవడానికి డార్క్ చాక్లెట్ అంటున్నారు గానీ బావగారు కారం లేనిదే కూర్చోరు. కారంతో ఆల్కహాల్ మంట ఎక్కువవుతుంది కదా, జీడిపప్పు వేపుడుతో సరిపెట్టనా?

రెండో సీసాను కొన్నేళ్లు దాచాలని ఉంది. గాలి తగిలి పాతబడితే సోయా సాస్ వాసనొస్తుందట. దాచి తాగినవాళ్లు ఎన్నేళ్లకు తెరిచారు?