ఎమరీ బెల్టులు ఎలా దాచుతున్నారు?

కొలిమి విశాఖ:
నాది 2×72 అంగుళాల బెల్టు గ్రైండర్, అంటే గరుకు రేణువులు అంటించిన బెల్టును తిప్పి ఇనుమును అరగదీసే యంత్రం. కత్తులు, కత్తిపీటలు చేస్తుంటాను. పోయిన ఏడాది చౌకగా దొరికాయని యాభై బెల్టులు ఒకేసారి తెప్పించి, రేకుల షెడ్డులో గోడకు మేకులు కొట్టి వేలాడదీశాను. వానలు వెళ్లాక 60 నంబరు గరుకు బెల్టు ఎక్కించి మోటారు వేశానో లేదో, రెండు కొనలు కలిపిన అతుకు దగ్గర తెగి ముంజేతి మీద కొరడాలా తగిలింది. ఆ వారంలోనే మరో మూడు తెగాయి. మిగిలినవి మేకు ఆనిన చోట మడత పడి, తిరుగుతుంటే టకటకమని కొట్టుకుంటున్నాయి. మీరంతా ఏం చేస్తున్నారు?

సానరాయి:
మేకుతోనే వచ్చింది చిక్కు. బెల్టు బరువంతా ఆ సన్నని చోట పడి, రేణువులను పట్టి ఉంచే పొర పగులుతుంది. 4 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు కోసి గోడకు బిగించండి. బెల్టు మూడడుగుల కిందికి వేలాడుతుంది, కాబట్టి ఎత్తుగా పెట్టాలి. ఒక్కో పైపుకు ఒక్కో నంబరు. 40 నంబరు ముతక రేణువు ఒక్కటి 400 నంబరు నున్నని బెల్టుకు అంటుకుంటే చాలు, గంటసేపు మెరుగు పెట్టిన కత్తి అలుగు మీద గీత పడుతుంది. ఆ గీత ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది!

చెక్కపిడి:
పైపు మడతకు మందు, అతుకుకు కాదండీ. అతుకును పట్టీ, జిగురుతో అంటిస్తారు. వేడికీ తేమకూ ముందు చెడేది ఆ జిగురే. 18–22 డిగ్రీల వేడి, 45–65 శాతం తేమ మంచిదంటారు. సముద్రం పక్కన రేకుల కింద అది కలలో మాట. నా సరుకంతా ఇంట్లో బీరువా మీద, వచ్చిన అట్టపెట్టెల్లోనే ఉంటుంది. పెట్టె మీద కొన్న నెల రాస్తాను, పాతవి ముందు వాడతాను. షెడ్డుకు వెళ్లేవి వారానికి సరిపడా మాత్రమే.

కొలిమి విశాఖ:
ఉప్పు జాడీలో బియ్యం వేసినట్టు, ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి మూత బిగిస్తే?

చెక్కపిడి:
వేయవచ్చు, కానీ మితంగా. మరీ ఎండితే కాగితం బెల్టులు పెళుసవుతాయి, వంకర తిరుగుతాయి. తేమ చూపే చిన్న మీటరు ఒకటి డబ్బాలో పడేయండి.

రెండో షిఫ్టు:
పని అయ్యాక బెల్టు బిగువు వదులుతున్నారా? రాత్రంతా బిగించి ఉంచితే చక్రం వంపు దానికి అచ్చు పడుతుంది. పాత బెల్టు ఎక్కించే ముందు అతుకును చేత్తో వంచి చూడండి. మోటారు వేసేటప్పుడు ఎదురుగా కాక పక్కన నిలబడండి.

కొలిమి విశాఖ:
అన్నీ వంచి చూశాను. పదకొండింటికి పట్టీ లేచింది. వాటిని ముక్కలు కోసి పిడులు రుద్దడానికి పెట్టుకున్నాను. పైపు తెచ్చాను. అట్టపెట్టెలు ఎప్పుడో పారేశాను, ఇక బీరువా మీద చోటు కోసం ఇంట్లో అడగాలి.