మెడికల్ ఇమేజింగ్ ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్: చేరే ముందు ఏం అడగాలి?

గోదారి_పిల్ల: బీటెక్ బయోమెడికల్ అయింది, గేట్‌లో బీఎం పేపర్ క్వాలిఫై అయ్యాను. ఒక యూనివర్సిటీలో ఎమ్మారై ప్రాజెక్టుకి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) ఇంటర్వ్యూ, వచ్చే బుధవారం. నెలకి 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ. "గవర్నమెంటు ఉద్యోగమేనా?" అని ఇంట్లో రోజూ ఇదే ప్రశ్న. చేసినవాళ్లు ఉంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_కుర్రోడు: డబ్బు గవర్నమెంటుదే, ఉద్యోగం మాత్రం కాదు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. 2023 జనవరి నుంచి 31 వేలు కాస్తా 37 వేలయింది, రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) ఇస్తే 42. ఇదంతా కాగితం మీద. నాకు మొదటి అయిదు నెలలూ పైసా రాలేదు, తర్వాత ఒకేసారి వేశారు. అప్పటిదాకా మెస్ బిల్లు తమ్ముడు కట్టాడు (వాడింకా గుర్తుచేస్తూనే ఉంటాడు). మొహమాటపడకుండా అడుగు: గ్రాంటు ఇంకా ఎన్ని నెలలుంది? మూడేళ్ల ప్రాజెక్టే అంటారు, నువ్వు చేరేసరికి సగం అయిపోయి ఉంటుంది.

స్కాన్_రూమ్: డేటా చేతికొచ్చిందా అని కూడా అడుగమ్మా. రోగుల డేటా వాడుకోడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి రాక నేను ఎనిమిది నెలలు ఖాళీగా పేపర్లు చదువుకుంటూ కూర్చున్నాను. వచ్చాక మొదలైంది అసలు పని. డైకామ్ (స్కాన్ బొమ్మల ఫైల్ రకం) హెడర్‌లో, అంటే వివరాలు రాసుండే భాగంలో, రోగి పేరు చెరిపేసి హమ్మయ్య అనుకున్నాం. తీరా అల్ట్రాసౌండ్ బొమ్మలు తెరిస్తే పైన మూలన పేరూ వయసూ తెల్లటి అక్షరాల్లో బొమ్మలోనే అచ్చయి ఉన్నాయి! హెడర్ తుడిస్తే అవి పోవు. ఒక్కొక్కటీ తెరిచి నల్లడబ్బా పెట్టడమే. ఏఐ అని ప్రకటనలో రాస్తారు గానీ మొదటి ఏడాది ఉద్యోగం ఇదే.

ఎడమ_కుడి: నా సిగ్గుమాలిన కథ వినండి. డైకామ్‌లో అడ్డ అక్షం రోగి ఎడమవైపుకి పెరుగుతుంది, నిఫ్టీలో (మెదడు స్కాన్లకి వాడే ఇంకో ఫైల్ రకం) కుడివైపుకి. నేను రాసిన స్క్రిప్టు ఆ సంగతి పట్టించుకోలేదు. ఎడమవైపు గుర్తించిన గడ్డలన్నీ కుడికి వెళ్లాయి. మెదడు రెండువైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుందిగా, నెలన్నర ఎవరికీ అనుమానమే రాలేదు. రేడియాలజిస్టు గారు ఒక్క చూపులో పట్టేశారు. అప్పటినుంచి మా దగ్గర స్కాన్‌కి ముందు తలకి కుడిపక్క విటమిన్ ఇ గుళిక అతికిస్తాం. బొమ్మలో తెల్లగా మెరుస్తుంది, ఇక గొడవే లేదు.

హైడెల్‌బర్గ్_నుంచి: ఇక్కడ జర్మనీలో పీహెచ్‌డీ అంటే యూనివర్సిటీ ఉద్యోగమే, కాంట్రాక్టు చేతికిస్తారు. కాకపోతే చాలాచోట్ల 65 శాతం పోస్టు: జీతం అంత, పని నూటికి నూరు. ఆ కాంట్రాక్టులకీ పరిమితి ఉంది: పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు, వైద్య విభాగంలో అయితే తొమ్మిది. యూనివర్సిటీ సొంత డబ్బుతో ఇచ్చే తాత్కాలిక కాంట్రాక్టులకి అదీ లెక్క. ఇక్కడా పర్మనెంటు అనేది అరుదే.

గోదారి_పిల్ల: వెళ్లొచ్చాను. గ్రాంటు ఇంకా 22 నెలలుందట, ఎథిక్స్ అనుమతి కాగితం అడిగితే చూపించారు. తెర మీద మెదడు స్లైస్ పెట్టి రోగికి ఎడమ ఏది అన్నారు. తెరకి కుడివైపున్నది అన్నాను, కానీ ఫైల్‌లో దిశ చూడకుండా ఖాయంగా చెప్పలేనన్నాను. గుళిక మాట ఎత్తితే ఒకాయన నవ్వారు. చేరమన్నారు. అయిదు నెలల మెస్ బిల్లు సంగతి నాన్నతో ఇంకా చెప్పలేదు.