మొదటి పేజీలు లేని ఈ సీరియల్ పేరు ఎవరికైనా తెలుసా?

మాది అమలాపురం దగ్గర పల్లె. 15 ఏళ్ళుగా నవలలు మానేసి పేపరుతో సరిపెట్టుకుంటున్నాను. మొన్న అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే, వారపత్రికలోంచి చింపి దారంతో కుట్టిన సీరియల్ దొరికింది. మొదటి వారాలు లేవు, పేరూ లేదు. ఉమ్మడి కుటుంబం గొడవలేగా అని తిరగేస్తే రాత్రి రెండయింది!

వేసవిలో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపి కాలువలు కట్టేశాక, పొలాలు పంచుకున్న అన్నదమ్ములిద్దరూ చెరువుగట్టున బిందెలతో ఎదురుపడతారు. మాట్లాడుకోరు. అన్న తమ్ముడి బిందె ఎత్తి భుజాన పెట్టి వెళ్ళిపోతాడు. ఆ పేజీ మీద అమ్మ చేతి నూనె మరక కూడా ఉంది.

ఎవరైనా చదివారా? రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత వారపత్రికలు అడిగితే చూపిస్తారా? ఈలోగా ఇలాంటివే రెండు నవలలు చెప్పండి. మరీ వెయ్యి పేజీలవి వద్దండి, ఇప్పుడిప్పుడే మళ్ళీ మొదలెట్టాను.