సంబరం చందా ఇవ్వకపోతే వెలేనా? ఇస్తే విశ్వాసం పోయినట్టేనా?

వంశధార గట్టు:
కాశీనగర్ దగ్గర మా ఊరు. ఈసారి అమ్మోరి సంబరానికి గడపకి ఎనిమిదొందలు వేశారు. మా పెదనాన్నగారు ఇవ్వలేదు. "నా డబ్బు బలికి పోకూడదు" అన్నారు. మర్నాటి నుంచి కొట్లో సరుకివ్వరు, ఊడ్పులకి కూలీలు రారు, మాతో మాట్లాడినోడికి జరిమానా. పాస్టరుగారు నిలబడమంటున్నారు, అన్నయ్య కట్టేద్దామంటున్నాడు. మీరేటంటారు?

పర్లాకిమిడి పెద్దాయన:
కట్టేయండి బాబూ. బైబిల్లో రాజులు రెండో గ్రంథం 5వ అధ్యాయం తియ్యండి. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు పోయాక, ఇక యెహోవాకి తప్ప వేరే దేవుడికి బలివ్వనన్నాడు. ఆ నోటితోనే, మా రాజు నా చేతిమీద ఆనుకుని రిమ్మోను గుడిలో మొక్కుతాడు, నేనూ వంగాలి, క్షమిస్తాడా అనడిగాడు. ఎలీషా ప్రవక్త కసరలేదు. మనశ్శాంతితో వెళ్లమన్నాడు. పదిమందిలో బతికేవాడి ఇబ్బంది దేవుడికి తెలుసు.

గుణుపూర్ సంఘస్థుడు:
పెద్దాయనా, తప్పు కాదనుకుంటే నయమాను క్షమాపణ ఎందుకడిగాడు? కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయం కూడా చూడండి. కటికవాడి దగ్గర దొరికింది ఏమీ అడక్కుండా తినమన్నాడు పౌలు. ఇది బలి అర్పించిందని ఎవరైనా చెప్తే మాత్రం తినొద్దన్నాడు. ఇక్కడ చెప్పడం కాదు, రసీదు మీద అమ్మోరి బొమ్మే అచ్చేశారు. దాని కింద మన పేరు రాయించుకుని, నాకేం తెలీదంటే కుదురుతుందా?

సంబరం కమిటీవాడు:
నేను క్రైస్తవుణ్ణి కాదు. పక్క ఊరి కమిటీలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. చందాలో సగం లైట్లకీ, నాటకానికీ, నీళ్ల ట్యాంకరుకీ పోతుంది. నాటకం మీ పిల్లలూ ముందు వరసలో కూర్చునే చూస్తారు కదా! క్రిస్మస్ కేకు మేం తినలేదా? ఊరన్నాక ఇచ్చిపుచ్చుకోవాలి. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మాలోనూ చందా ఎగ్గొట్టేవాళ్లున్నారు. వాళ్లని నాలుగు తిట్టి ఊరుకుంటాం, కొట్లో ఉప్పు ఆపం.

గుణుపూర్ సంఘస్థుడు:
అదే కదండీ మేమనేది. అప్పుడది చందా గొడవ కాదు.

రాయగడ కోడలు:
అందరూ వాక్యాలు చెప్తున్నారు. బోరింగు దగ్గరకి బిందె పట్టుకెళ్లేదెవరో ఎవరైనా అడిగారా? మా ఇంట్లోనూ ఇలాగే జరిగింది. మేం వెళ్లేసరికి గొలుసేసి తాళం పెట్టారు. కోడి కూయకముందే ఏటికెళ్లి చెలమ తోడి, చెంబుతో ముంచి బిందె నింపేవాళ్లం. అరుగు మీద కూర్చుని "మేం నిలబడ్డాం" అని మగాళ్లు చెప్పుకునేవారు! చందా ఇవ్వమని నేననను. మా అత్త వద్దంది, ఆవిడే నీళ్లు మోసింది, నేనూ మోశాను. మీ పెద్దమ్మని అడిగారా మరి?

సిరొంచ తెలుగోడు:
మా మహారాష్ట్రలో వెలి నేరమే. 2016లో చట్టం చేశారు, 2017 నుంచి అమలవుతోంది. మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, రెండూ కూడా వేయొచ్చు. మీ ఒడిశాలోని 1967 చట్టం బలవంతం చేసో మోసం చేసో ఆశ చూపో మతం మార్చేవాణ్ణి శిక్షిస్తుంది గానీ, మారినవాడికి నీళ్లాపే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. నచ్చిన మతం పాటించే హక్కిచ్చే రాజ్యాంగం 25వ అధికరణం మీకూ ఉంది. కానీ కేసు ఆఖర్న. తీర్పు వచ్చాక కూడా ఆ వీధిలోనే బతకాలి కదా.
ఇంకోటి. పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయంలో క్రైస్తవుడిగా బాధపడితే సిగ్గుపడొద్దన్నాడు. దానికి ముందు వచనంలోనే, పరుల జోలికిపోయి బాధ తెచ్చుకోవద్దనీ అన్నాడు. మీ పెదనాన్నగారు చందా వద్దని ఊరుకున్నారా, అమ్మోరినేమైనా అన్నారా?

వంశధార గట్టు:
అన్నారండి. రచ్చబండ దగ్గర "రాయికి మేకెందుకు" అన్నారు. అక్కడే చెడింది. పాస్టరుగారికి ఆ ముక్క ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

పర్లాకిమిడి పెద్దాయన:
మరి ముందే చెప్పాలి కదా నాయనా. ఆ మాటకి క్షమాపణ చెప్తే విశ్వాసమేం తరిగిపోదు. చందా సంగతి తర్వాత.

వంశధార గట్టు:
రాయగడ అక్కా, పెద్దమ్మనడిగాను. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదట. "ఇవ్వొద్దు. మీ పెదనాన్ననీ ఒక బిందె మొయ్యమను" అంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఊరి పెద్దల దగ్గర పంచాయితీ పెట్టుకున్నాం. ఆ మాటకి పెదనాన్న తప్పు ఒప్పుకుంటారట. లైట్లకీ ట్యాంకరుకీ వేరే రసీదు రాస్తే వెయ్యి ఇస్తామని చెప్తాం. మేక లెక్కలో మాత్రం రూపాయి కూడా ఇవ్వం. అన్నయ్య ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.