కర్మకాండ వద్దనుకున్న ఇంట్లో ఆ పదిరోజులూ ఎలా గడపాలి?

విశాఖలో నాస్తిక కుటుంబాల సంతాపసభలు నడిపినవాళ్లు సలహా ఇవ్వండి. నేత్రదానం తేలికే: ఫ్యాను ఆపి, కళ్లు మూసి తడిదూది పెట్టి, తల కింద దిండు ఉంచి, 6 గంటల్లోపు కార్నియా తీసేలా వెంటనే కబురు చేయాలి. ఆంధ్ర మెడికల్ కాలేజీకి దేహదానమూ తెలిసిన దారే. పోస్టుమార్టం జరిగితే మాత్రం సాధారణంగా తీసుకోరు. చిక్కంతా ఆ తర్వాతే. వచ్చిపోయే మనుషులు, చేతికి పని, ఏడవడానికో వేళ, తేరుకోవడానికో గడువు: పెద్దకర్మ దాకా ఆచారం ఇచ్చేవన్నీ నమ్మకం లేనివాళ్లకూ కావాలి. ఒక్కపూట ఉపన్యాసాలతో సరిపెడితే, అస్థికలైనా లేని ఇంట్లో దుఃఖం లోపలే ఉండిపోతుంది. అస్థికలు కలపడానికి భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి వెళ్లే రోజున బదులుగా ఏం చేశారు? పూజలు చేసే మేనత్తలు, పిన్నులు నొచ్చుకోకుండా వాళ్లకు ఏ పని అప్పగించారు?