పాత యాక్షన్ మీద కొత్త రైఫిల్ కట్టాలంటే ఏది మేలు?

దేవరకొండ_డాలస్:
అందరికీ నమస్తే. ఉండేది టెక్సస్‌ల, గ్రీన్ కార్డు ఉన్నది. .308 విన్చెస్టర్ తూటాకు ఒక బోల్ట్ యాక్షన్ (తూటాకొకసారి హ్యాండిల్ చేత్తో జరిపే) రైఫిల్ కట్టుకోవాలని ఉన్నది. 600 గజాల దాకా కాగితం టార్గెట్, అప్పుడప్పుడు అడవిపందులు, అంతే పని. బ్యారెల్ తీసేసి యాక్షన్ (బోల్ట్, అది జరిగే రిసీవర్) వాడుకోనీకె ఇక్కడి దుకాణంల మూడు పాత రైఫిల్‌లు ఉన్నయి. ఒకటి రెమింగ్టన్ 700 షార్ట్ యాక్షన్, .243, బ్యారెల్ గొంతు కాలి అరిగిపోయింది. రెండోది చెక్ దేశపు వీజెడ్ 24 మౌజర్, మిలిటరీది. మూడోది సావేజ్ 110, .30-06. ధరలల్ల పెద్ద తేడా లేదు. ఏది తీసుకోవాలె? ఇంకొక మాట. ఇండియాల కొత్తూరు దిక్కు టూల్ రూముల పనిచేసే దోస్తు ఉన్నడు. రికాయిల్ లగ్గు (కాల్చినప్పటి దెబ్బను స్టాక్, అంటే రైఫిల్ కట్టె, మీదికి మోసే ముక్క) అసొంటి చిన్న ముక్కలు అక్కడ చేయించుకొని తెచ్చుకోవచ్చునా?

మూసీ_ఒడ్డు:
మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు: వద్దు. ఆ ఆలోచన ఇక్కడనే వదిలెయ్యండి. 1959 ఆయుధ చట్టంల 'ఆయుధం' అంటే తుపాకీ ఒక్కటే కాదు, దాని విడి భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు గూడ. లైసెన్సు లేకుండ లగ్గు ఒక్కటి చేసినా మీ దోస్తు మీద పడేది తయారీ కేసు. 2019 సవరణ తర్వాత దానికి తక్కువల తక్కువ ఏడేండ్లు, ఎక్కువంటే యావజ్జీవం. అదే ముక్క అమెరికాల బజారుల దొరుకుతది. అక్కడ చట్టం దృష్టిల తుపాకీ అంటే రిసీవర్. బ్యారెల్, స్టాక్, ట్రిగ్గర్ మామూలు సామాను లెక్క కొనుక్కోవచ్చు. రిసీవర్ మాత్రం లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర 4473 ఫారం (ఫెడరల్ సర్కారు కొనుగోలు ఫారం) నింపి తీసుకోవాలె.

మనోళ్లు శానమంది ఇది చదువుతరు కాబట్టి ఒకటి చెప్తున్న. మీకు గ్రీన్ కార్డు ఉన్నది, ఇబ్బంది లేదు. హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నోళ్లకు ఫెడరల్ చట్టం తుపాకీ గాని తూటా గాని దగ్గర పెట్టుకోనియ్యదు. అందుల ఉన్న మినహాయింపులల్ల ముఖ్యమైనది, ఏదన్న రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు. అది చేతుల లేకుండ దోస్తు రైఫిల్ పట్టుకొని రేంజుల కాల్చినా తప్పే.

పాలమూరు_లేత్:
మూసీ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైనది. ఇక్కడ లెక్కలు మాట్లాడుకుందాం, ముక్క కొయ్యడం మాత్రం అక్కడనే, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గర.

నా మాట 700కే. ఎందుకంటే .243, .308 ఒకే కుటుంబం. రెండింటి తూటా అంచు 0.473 అంగుళమే, పొడుగు గూడ అదే మ్యాగజీన్‌ల పడుతది. బోల్ట్, మ్యాగజీన్, ఫీడింగ్ ఏదీ ముట్టుకునే పని లేదు, బ్యారెల్ ఒక్కటే మారుతది. చవకగ వచ్చిందని .223 యాక్షన్ తెస్తే బోల్ట్ ముఖం (తూటా అడుగు కూసునే చోటు) 0.378 ఉంటది, .308 అందుల కూసోదు. డోనర్ (యాక్షన్ ఇచ్చే పాత రైఫిల్) చూసేటప్పుడు మొట్టమొదట అడగాల్సింది బోల్ట్ ముఖం కొలత, రెండోది యాక్షన్ పొడుగు. పేరు, పాలిష్ తర్వాత.

700 రిసీవర్ గుండ్రటి పైపు లెక్క ఉంటది, అందుకే లేత్ మీద పట్టుడు సులువు. బ్యారెల్ థ్రెడ్ 1-1/16 అంగుళం, అంగుళానికి 16 మరలు. 1962ల 700 వచ్చిన కాడి నుంచి ఇదే. అంతకు ముందు 1948ల వచ్చిన 721, 722లకు గూడ ఇదే. 722 పొట్టిది, 721 పొడుగుది. వాటి అందం చూసి ఎవరూ కొనరు కాబట్టి డోనర్‌గ అవి మంచి బేరం.

ఇగ దాంట్ల ఉండే లోపాలు. ఫ్యాక్టరీల రిసీవర్ ముందు ముఖం, బోల్ట్ లగ్గులు (బోల్ట్ మూసినప్పుడు తాళం లెక్క పట్టే పళ్ళు) కూసునే గద్దెలు, థ్రెడ్ ఈ మూడూ ఒకే సెంటర్ లైనుకు ఉండవు. బోరు మోటరు షాఫ్టు వంకర పట్టినట్టే పట్టాలె. బోల్ట్ దారిల బుష్‌లు వేసి మ్యాండ్రెల్ (తిన్నని ఉక్కు కడ్డీ) దూర్చాలె. రిసీవర్‌ను రెండు వరుసల స్క్రూలున్న జిగ్గుల పెట్టి, ముందూ వెనకా రెండు చోట్ల డయల్ అర థౌ (థౌ అంటే అంగుళంల వెయ్యో వంతు) లోపలికి తేవాలె. అట్ల వచ్చినంక జిగ్గు కదపకుండ ఒకే పట్టుల ముఖం, గద్దెలు, థ్రెడ్ సాపు చెయ్యాలె. మధ్యల ఊడదీసి మళ్ళ బిగిస్తే చేసిందంతా వృథా.

ఇక్కడనే ఒక మెలిక ఉన్నది. థ్రెడ్ సాపు చేయాలంటే ఒక పది థౌ పెద్దగ కొయ్యాల్సి వస్తది. ఒక్కసారి కోసినంక రెడీమేడ్ బ్యారెల్ దానికి వదులైతది. కాబట్టి ముందే తేల్చుకోవాలె: రెడీమేడ్ బ్యారెల్ అయితే థ్రెడ్ ముట్టుకోవద్దు, ముఖం, గద్దెలు మాత్రమే సాపు చేయించు. గన్‌స్మిత్ కొలిచి కోసే బ్యారెల్ అయితే మూడూ చేయించు.

రికాయిల్ లగ్గు 700ల విడి ముక్క, బ్యారెల్‌కు రిసీవర్‌కు నడుమ వాషర్ లెక్క ఇరుక్కొని ఉంటది. ఫ్యాక్టరీది 0.187 చుట్టుపక్కల మందం, రెండు ముఖాలు సమానంగ ఉండవు. గ్రైండింగ్ చేసిన 0.250 లగ్గు వేసుకుంటే మేలు. కాని మందం అరవై థౌ పైన పెరుగుతది, బ్యారెల్ చేసేటోనికి ఆ మాట ముందే చెప్పాలె. చెప్పకపోతే హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికి, చాంబర్‌ల తూటా ఆగే చోటుకు నడుమ దూరం) అంతే తేడా వస్తది. స్టాక్‌ల లగ్గు కూసునే గాడి గూడ పెద్దగ చేసుకోవాలె.

సాగర్_కట్ట:
అన్నా, ఇన్ని తిప్పలెందుకు? సావేజ్ 110 తీసుకుంటే లేత్ మొఖమే చూసే పని లేదు. 1958ల వచ్చిన డిజైన్, బ్యారెల్‌ను నట్టు పట్టుకొని ఉంటది. థ్రెడ్ 1.055 అంగుళం, అంగుళానికి 20 మరలు. పెద్ద మ్యాగ్నమ్‌లకు వచ్చేది 1.120, ఆర్డర్ ఇచ్చే ముందు కొలుచుకోవాలె. బోల్ట్ తల విడిగ వస్తది, ఒక పిన్ను తీస్తే ఊడుతది. ఆ తల కొంచెం కదులుతది కాబట్టి లగ్గులు వాటంతట అవే గద్దెల మీద సర్దుకుంటయి. అందుకే సాపు చెయ్యని సావేజ్ గూడ గురి మంచిగ కొడుతది.

కావలసినయి: బ్యారెల్ వైస్, నట్టు రెంచి, .308 గో గేజ్, నో-గో గేజ్ (హెడ్‌స్పేస్ చూసే కొలత ముక్కలు). గో 1.630, నో-గో 1.634 అంగుళం. బోల్ట్‌ల నుంచి ఫైరింగ్ పిన్, ఎక్స్‌ట్రాక్టర్ (తూటా కేసును, అంటే ఇత్తడి గొట్టాన్ని, గుంజేది), ఎజెక్టర్ (దాన్ని బయటికి విసిరేది) తీసెయ్యాలె. ఆ స్ప్రింగులు ఉంటే చేతికి సరైన స్పర్శ తెలవదు. గో గేజ్ లోపల పెట్టి బోల్ట్ మూసి, బ్యారెల్‌ను గేజ్ తగిలేదాక చేత్తో తిప్పాలె. తర్వాత నట్టు బిగించి మళ్ళ చూడాలె. గో మీద బోల్ట్ సాఫీగ మూసుకోవాలె, నో-గో మీద మూసుకోవద్దు. ఇరవై మరలంటే ఒక చుట్టుకు యాభై థౌ. గో, నో-గో నడుమ ఉన్న నాలుగు థౌ అంటే బ్యారెల్ ముప్పై డిగ్రీల లోపు తిరుగుడు. నట్టు బిగించేటప్పుడు బ్యారెల్ వైస్‌ల జర జారినా తప్పుతది. అట్లనే బిగువు మరల సందును గుంజి బ్యారెల్‌ను కొద్దిగ ముందుకు లాగుతది, ఒక థౌ పెరుగుడు మామూలే. లగ్గులు రెండూ తగలకపోతే రుబ్బుడు మసాలా పెట్టి రుబ్బితే సరిపోతది.

పాలమూరు_లేత్:
సావేజ్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంట. ఇంట్లనే కట్టుకునేటోనికి దాని అంత సులువైనది లేదు. 700కు గూడ నట్టు బ్యారెల్‌లు దొరుకుతున్నయి, కాబట్టి నట్టు సౌకర్యం ఒక్క సావేజ్‌దే కాదు.

రుబ్బుడు మాట మాత్రం జాగ్రత్త. లగ్గు వెనక ముఖానికి బ్లూ (గుర్తు రంగు) పూసి, బోల్ట్ మూసి తెరువు. రెండు లగ్గుల మీదా రంగు చెరిగితే మంచిదే. ఒక్కటే చెరిగి రెండోదానికి పది థౌ సందు ఉంటే రుబ్బి అంత తీయొద్దు. నువ్వు తీసిన ప్రతి థౌ బోల్ట్‌ను వెనక్కు జరుపుతది, హెడ్‌స్పేస్ అంత పెరుగుతది. అది కటింగ్‌తోని సరిజేసే పని, రుబ్బుడు ఆఖరుకు నున్నగ చేయనీకె మాత్రమే. ట్రిగ్గర్ ఉండగ చూస్తే సియర్ (ఫైరింగ్ పిన్నును ఆపే కొక్కెం) బోల్ట్ తోకను పైకి లేపుతది, అట్లయితే పై లగ్గు తగలనట్టు దొంగ లెక్క చూపిస్తది. ట్రిగ్గర్ తీసి, బోల్ట్‌ను వెనక్కు నొక్కిపెట్టి చూడాలె.

ఆ .30-06 సావేజ్ పొడుగు యాక్షన్. .308 అందుల నడుస్తది, బోల్ట్ తల గూడ అదే పనికొస్తది. కాని మ్యాగజీన్‌ల తూటా ముందూ వెనకా ఊగుతది, బోల్ట్ ఊరికే అర అంగుళం ఎక్కువ జరపాలె. దాన్ని .30-06 గానే ఉంచుడు మంచిది. స్టాక్ కొనే ముందు రెండు యాక్షన్ స్క్రూల నడుమ దూరం కొలువుండ్రి. సావేజ్ ఏండ్లను బట్టి ఆ దూరం మార్చింది.

నల్లమల_గాలి:
మౌజర్‌ను ఎవరూ తలుస్తలేరు, నాకు బాధైతుంది. వీజెడ్ 24ల ఉండే మౌజర్ 98 యాక్షన్ అంటే పెద్ద పంజా ఎక్స్‌ట్రాక్టర్, తూటాను మ్యాగజీన్ల నుంచి లేవంగనే పట్టుకునే పద్ధతి, వెనక మూడో సేఫ్టీ లగ్గు, ప్రైమర్ (కేసు అడుగున మందు అంటించే బిళ్ళ) పగిలితే గ్యాసు పక్కకు పోయే రంధ్రాలు. పంది మీదికి ఉరికొచ్చినప్పుడు రెండో తూటా తప్పకుండ ఎక్కాలంటే దీనికి మించినది లేదని నా గట్టి నమ్మకం. వీజెడ్ 24 పెద్ద రింగుది, రిసీవర్ ముందు రింగు వ్యాసం 1.41 అంగుళం. బలమైన యాక్షన్.

అయినా దేవరకొండ తమ్మునికి వద్దనే చెప్తున్న. స్కోపు పెట్టాలంటే నిటారు హ్యాండిల్ కోసి, వంచినది అతకాలె. సేఫ్టీ మార్చాలె, లేకపోతే స్కోపుకు తగులుతది. రిసీవర్‌కు రంధ్రాలు వేసి మరలు కొయ్యాలె. ఆ ఉక్కు లోపల మెత్తన, పైన గట్టి పొర, మామూలు డ్రిల్లు జారిపోతది, కార్బైడ్ కావాలె. మ్యాగజీన్ 57 మిల్లీమీటర్ల కేసుకు చేసింది, .308కు వెనక ఒక అడ్డు ముక్క పెట్టాలె, ఫీడింగ్ పట్టాలు సర్దాలె. బ్యారెల్ థ్రెడ్ 1.100 అంగుళం, 12 మరలు, 55 డిగ్రీల కోణం. అలవాటుగ 60 డిగ్రీల టూల్ పెట్టి కోసిన బ్యారెల్ మరల అంచుల మీదనే నిలబడుతది. బ్యారెల్ బిగువు రిసీవర్ లోపలి రింగు మీద పడాలె, బయటి ముఖం మీద కాదు. ఇన్ని పనుల కూలీ యాక్షన్ ధరకు రెండు మూడింతలు దాటుతది. నంబర్లన్నీ కలిసిన, ముద్ర చెరగని వీజెడ్ 24 అయితే దాన్ని కోసుడు నాకు మనసొప్పదు. ఉన్నదున్నట్టు దాచుకునేటోనికి ఇచ్చెయ్యండి.

ఏ పాత మౌజర్ కొన్నా లగ్గు గద్దెల్ల సన్న కొక్కెం పెట్టి గీరి చూడాలె. మెట్టు తగిలిందంటే గద్దె లోపలికి నొక్కుకుపోయింది. బోల్ట్ హ్యాండిల్ సగం దాక బరువుగ లేచి తర్వాత వదులైనా అదే గుర్తు. అసొంటిది ఎంత చవకకు ఇచ్చినా వదిలెయ్యాలె. 93, 95 నమూనాలు చూడనీకె ఇట్లనే ఉంటయి గాని మూడో లగ్గు ఉండదు, .308 ఒత్తిడికి పనికిరావు.

మూసీ_ఒడ్డు:
వద్దనే జాబితాల ఇంకో రెండు. 1903 స్ప్రింగ్‌ఫీల్డ్: స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ నంబరు 8,00,000 లోపు, రాక్ ఐలాండ్ 2,85,507 లోపు ఉంటే ముట్టుకోవద్దు. వేడి చేసుట్ల తేడా వచ్చి ఉక్కు పెళుసు బారింది, రిసీవర్‌లు పగిలినయి. ఎడ్డీస్టోన్ వాళ్ల 1917 ఎన్‌ఫీల్డ్‌లల్ల బ్యారెల్ మితిమీరి బిగించి ఉంటది, విప్పేటప్పుడు రిసీవర్ రింగు చీలుతది. బ్యారెల్ ఎట్లనూ పారేసేదే కాబట్టి, రిసీవర్‌కు ఆనుకొని ఉన్నచోట లేత్ మీద సన్న గాడి కోస్తే ఆ బిగువు వదులుతది. అప్పుడు విప్పాలె.

మిర్యాలగూడ_కాలువ:
మా ఇంట్ల తాత కాలం నాటి .315 స్పోర్టింగ్ రైఫిల్ ఉన్నది, లైసెన్సు నడుస్తున్నది. బ్యారెల్ పాడైంది. దాని యాక్షన్ మీద వేరే తూటాకు బ్యారెల్ వేయించవచ్చునా?

నల్లమల_గాలి:
వద్దు అన్నా. అది లీ-ఎన్‌ఫీల్డ్ తరహా యాక్షన్, లగ్గులు బోల్ట్ వెనక దిక్కు ఉంటయి. కాల్చినప్పుడు బోల్ట్, రిసీవర్ రెండూ సాగుతయి, ఒత్తిడి ఎక్కువున్న తూటాకు అది సరైనది కాదు. .315 తూటాకు అంచు బయటికి ఉంటది, బోల్ట్ ముఖం, మ్యాగజీన్ దానికే చేసినయి.

మూసీ_ఒడ్డు:
లైసెన్సు పుస్తకంల బోరు (తూటా సైజు) రాసి ఉంటది. అది మారిస్తే పుస్తకంల ఒకటి, చేతుల ఒకటి అయితది. మరమ్మతు గూడ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరనే చేయించాలె. ఊళ్ళె వెల్డింగ్ దుకాణంల చేయిస్తే చేసినోడు, చేయించినోడు ఇద్దరూ ఇరుక్కుంటరు. రైఫిల్ లైసెన్సు ఉన్నా మన దిక్కు వేట లేదు, 1972 వన్యప్రాణి చట్టం అందరికీ తెలిసిందే.

దేవరకొండ_డాలస్:
700 మీదనే మనసు పెట్టిన. రేపు దుకాణంకు పోయి కొనే ముందు ఏమేం చూడాలె?

పాలమూరు_లేత్:
ఖాళీగ ఉన్నదా లేదా ముందు నీ కండ్లతోని చూసుకో. తర్వాత బోల్ట్ మూసి హ్యాండిల్ మెల్లగ లేపు. ఎత్తు ఆఖరుకు బోల్ట్ కొంచెం వెనక్కు జరగాలె. జరగలేదంటే హ్యాండిల్ అతికిన చోటు తప్పింది, కాల్చిన కేసు చాంబర్‌ల పట్టుకుంటది. 700 హ్యాండిల్ బోల్ట్‌కు అతికిందే గాని ఒకే ముక్క కాదు, అతుకు అంచుల చీలిక ఉన్నదా గోరుతో చూడు. మళ్ళ అతికించవచ్చు, అయితే ఆ ఖర్చు ధరల తగ్గించమని అడుగు.

బోల్ట్ ముఖంల పిన్ను రంధ్రం చుట్టూ గుంటలు, కాలిన వలయం ఉన్నయా చూడు. రంధ్రం పెద్దగ ఉంటే ప్రైమర్ లోపలికి పొంగుతది. దానికి బుష్ వేసి 0.068 అంగుళానికి తెస్తరు, పిన్ను కొస గూడ సన్నం చేస్తరు. ఎక్స్‌ట్రాక్టర్ సన్న రేకు ముక్క, అరిగి ఉంటే మార్చుకోవచ్చు. స్కోపు బేసు రంధ్రాలు నాలుగూ ఒక గీతల ఉన్నయా స్కేలు పెట్టి చూడు. వంకర ఉంటే 6-48 మర సైజు నుంచి 8-40కి పెద్దగ చేసేటప్పుడు సరిజేస్తరు.

ట్రిగ్గర్ ఎక్స్-మార్క్ ప్రో అయి, రైఫిల్ 2006 మే నుంచి 2014 ఏప్రిల్ నడుమ తయారైందైతే కంపెనీ వెనక్కు పిలిచిన బాపతు. ఎట్లనూ కొత్త ట్రిగ్గర్ వేసుకో.

మూసీ_ఒడ్డు:
బ్యారెల్ విప్పేటప్పుడు రిసీవర్ మీద పెద్ద మంట పెట్టనియ్యకండి. లగ్గు గద్దెల గట్టిదనం పోతే మళ్ళ తెచ్చేది లేదు. చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలితే, ముందు రింగును సరిగ్గ పట్టే రెంచి ఉంటే శానా వరకు వస్తయి. పొడుగు రెంచిని రిసీవర్ వెనక భాగంల పట్టించి తిప్పితే రిసీవర్ మెలి తిరుగుతది.

పాలమూరు_లేత్:
కట్టినంక మొదటి తూటా భుజానికి ఆనించి కాల్చకు. స్టాండుకు కట్టేసి, పొడుగు తాడుతోని గుంజు. కేసు తీసి అడుగుకు కొంచెం పైన లోపల దిక్కు సన్న తీగ కొక్కెంతోని గీరు. అక్కడ గాడి తగిలినా, బయట మెరిసే వలయం కనపడినా హెడ్‌స్పేస్ ఎక్కువున్నట్టు. ప్రైమర్ అంచులు గుండ్రంగ ఉన్నయా, చదునైనయా, ఫోటో తీసి ఇక్కడ పెట్టు.